మా మామగారి ప్రోస్టేటు పంచాయితీ

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో నేను ఇందుకూరుపేట హైస్కూల్లో లెక్కల మాస్టరుగా చేరేనాటికి మా మామగారికి అరవై దాటాయి. అక్కడికి దగ్గర్లోనే ఆయన ఊరు. ఇరవై ఎకరాల మాగాణి, చుట్టుపక్కల నాలుగూళ్ళకు పెద్దమనిషి అన్న పేరు. గట్టు తగాదాలూ అన్నదమ్ముల పంపకాలూ ఆయన అరుగు మీదే తెగేవి.

అలాంటి మనిషి తీర్పు మధ్యలో లేచి దొడ్డివైపు వెళ్ళడం మొదలుపెట్టారు. తగాదా పడ్డవాళ్ళు మొదట్లో ఆయన లోపలికెళ్ళి ఆలోచించుకొస్తున్నారనుకున్నారట. గంటకు మూడుసార్లు ఆలోచించుకోవడం చూశాక సంగతి అర్థమైంది. నెల్లూరు బస్సు డ్రైవరయితే ఆయన ఎక్కిన రోజున ఎవరూ అడగకుండానే దారిలో రెండుచోట్ల ఆపేవాడు.

ఈ బాధ కొడుకులతో చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గు. అల్లుడితో చెప్పుకోవడం మరీ సిగ్గు. అందుకని అత్తగారు మా ఆవిడతో చెప్పారు, మా ఆవిడ నాతో చెప్పింది. నేను ఏమీ తెలియనట్టు, నెల్లూరులో పనుంది, మీరూ వస్తారా అని అడిగాను. ఆయనా ఏమీ తెలియనట్టే, ఎరువుల కొట్లో తనకూ పనుందంటూ బయల్దేరారు. ఇద్దరం బస్సు దిగి, కొట్టు మాటెత్తకుండా తిన్నగా డాక్టరుగారి దగ్గరికి పోయి కూర్చున్నాం.

డాక్టరుగారు తెర వెనక్కి తీసుకెళ్ళి వేలితో పరీక్ష చేశారు. బయటికొచ్చిన మామగారు చాలాసేపు నా మొహం చూడలేదు. డాక్టరుగారు మాత్రం నిదానంగా వివరించారు. మూత్రాశయం కింద ప్రోస్టేటు అనే గ్రంథి ఉంటుంది, వయసు మీదపడ్డాక ఉబ్బి దారిని నొక్కుతుంది, ఇది కాన్సరులా లేదు, భయం అక్కర్లేదు అన్నారు. ప్రస్తుతానికి ఓపిక పట్టవచ్చు. పొద్దుగూకాక కాఫీ, నీళ్ళు తగ్గించాలి, వచ్చినప్పుడు ఆపుకోకూడదు, వేన్నీళ్ళలో నడుము దాకా కూర్చుంటే హాయిగా ఉంటుంది. దారి పూర్తిగా మూసుకుపోతే మాత్రం మద్రాసులో ఆపరేషనే. ఈ రెంటికీ మధ్యన ఏముందని మామగారు అడిగారు.

"మధ్యన మీరున్నారు. ఎటు పోతారో చూసుకోండి" అన్నారు డాక్టరుగారు.

తిరుగు బస్సు సగం దారికొచ్చాక మామగారు ఉన్నట్టుండి నావైపు తిరిగారు. "అబ్బయా, ఒకవైపు మాట విని తీర్పు చెప్పడం నాకు అలవాటు లేదు. ఒక్కో వైద్యం చేసుకున్నోళ్ళని పిలిపిస్తా. వాళ్ళు చెప్పేది నువ్వు రాసుకో."

ఆ ఆదివారం పొద్దున అరుగు మీద ముగ్గురు సాక్షులు చేరారు. నేను కాగితాలు, కలం పట్టుకుని ఓ మూల కూర్చున్నాను. అత్తగారు తలుపు వెనక నిలబడ్డారు.

మొదటాయన గూడూరులో ఉండే రిటైరయిన రైలు గార్డు. మద్రాసులో ఆపరేషన్ చేయించుకున్నాడు. పొత్తికడుపు కోశారనీ, గొట్టం వేశారనీ, మూడు వారాలు మంచం దిగలేదనీ చెప్పాడు. ఇప్పుడు మద్రాసు దాకా రైల్లో కూర్చున్నచోటు నుంచి లేవడట. మచ్చ చూపిస్తానని చొక్కా ఎత్తబోతుంటే తలుపు వెనక దగ్గు వినిపించింది. చూడకుండానే ఆ సాక్ష్యం ఒప్పేసుకున్నాం.

రెండో ఆయనదీ గూడూరే, నిమ్మకాయల వ్యాపారి. మూడేళ్ళుగా పల్లేరుకాయల కషాయం తాగుతున్నాడు. మంచి గుణం కనిపించిందని చెప్పి దొడ్డివైపు వెళ్ళొచ్చాడు. పూర్తిగా నయమైనట్టేనని చెప్పి మళ్ళీ లేచాడు. అదే సమయానికి మామగారూ లేచారు. నడవలోకి ఇద్దరూ ఒకేసారి చేరి, ముందు మీరంటే మీరని మర్యాదలు చేసుకుంటూ కొంతసేపు బాధపడ్డారు.

మూడో మనిషి మైపాడు నుంచి వచ్చిన ముసలి బెస్త. పదేళ్ళుగా ఇదే జబ్బున్నా ఏ మందూ లేకుండా సుఖంగా ఉన్నాడని విని మామగారు కబురు పెట్టారు.

"నాకు జబ్బేముందయ్యా" అన్నాడతను. "రొంత తరచుగా పోవాల్సొస్తాది, అంతే. సముద్రం మీద ఎవురడుగుతారు? పడవ అంచున నిలబడితే అయిపాయ."

"మరి ఒడ్డునున్నప్పుడో?" అన్నారు మామగారు.

"ఒడ్డున నాకేం పని?"

మామగారికి ఈ మాట బాగా నచ్చింది. కత్తి అక్కర్లేదు, కషాయం అక్కర్లేదు, తాను కూర్చునే చోటు మార్చుకుంటే చాలని తీర్పు చెప్పారు. ఇకనుంచి పంచాయితీలన్నీ పొలంలో, చాటుకు కొదవలేని నీళ్ళ ఇంజను షెడ్డు దగ్గరేనన్నారు.

అప్పుడు తలుపు వెనక నుంచి అత్తగారు, "ముగ్గుర్లో లేవకుండా కూర్చున్నది మొదటాయనొక్కడే. అది రాసుకున్నారా అల్లుడుగారూ?" అన్నారు.

నేను రాసుకోలేదు. మామగారు విననట్టు లేచి దొడ్డివైపు నడిచారు.

ఎనిమిది నెలలు ఎలాగో గడిచాయి. రోజూ సాయంత్రం ఇత్తడి గంగాళంలో వేన్నీళ్ళు పోయించుకుని కూర్చునేవారు. కూర్చోవడం తేలికే, లేపడానికే ఇద్దరు కావాల్సివచ్చేది. కార్తీకమాసం వానల్లో ఒకరోజు తెల్లవారినప్పటి నుంచీ చుక్క రాలేదు. పొద్దెక్కేసరికి ఆయన మొహం నిండా చెమట, నోట మాట లేదు. నాలుగూళ్ళకు తీర్పులు చెప్పిన గొంతు అలా మూగబోవడం చూసి, ఆయన్ని పట్టుకుని నెల్లూరు బస్సెక్కించాను. ఆవేళ బస్సును ఆయన ఎక్కడా ఆపమనలేదు. దానికి డ్రైవరు కూడా భయపడ్డాడు.

నెల్లూరులో డాక్టరుగారు గొట్టం వేసి బాధ తీర్చారు. మామగారు ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. మర్నాడే మద్రాసు రైలెక్కాం. గార్డు చెప్పిందంతా అక్షరాలా జరిగింది, కోత, గొట్టం, మూడు వారాల మంచం. నేను సెలవు పెట్టి పక్కనే ఉన్నాను. గొట్టం తీసేశాక తొలిసారి వెళ్ళొచ్చి, చిన్నప్పుడు కాలవలో ఈత నేర్చుకున్ననాటి సంతోషం మళ్ళీ ఇవాళే కలిగిందన్నారు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున అత్తగారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా ఆవిడ అడిగితే చెప్పారు. ఐదేళ్ళుగా రాత్రిళ్ళు ఆయన లేచినప్పుడల్లా ఆవిడకూ మెలకువ వచ్చేదట. నిన్న రాత్రి ఆయన ఒక్కసారీ లేవలేదు. ఊపిరి ఆడుతోందో లేదోనని గంటకోసారి వంగి చూస్తూ ఆవిడ తెల్లవార్లూ కూర్చున్నారు.

మామగారు ఇదంతా విన్నారు. వంటింట్లోకి వెళ్ళి, జీవితంలో మొదటిసారి స్వయంగా కాఫీ కలిపి తెచ్చి అత్తగారి చేతికిచ్చారు. చక్కెర వెయ్యడం మరిచిపోయారు. ఆవిడ మాత్రం గ్లాసు ఖాళీ చేశాకే ఆ సంగతి ఆయనకు చెప్పారు.