అక్క వెన్నుపూస

పోయిన నెల మా కోడలు నన్ను పట్నంలో ఒక పెద్ద దవాఖానకు తీసుకపోయింది. స్నానాల గదిలో జారి పడ్డానని ఆమె భయం. పడలేదు, గోడ పట్టుకొని కూర్చున్నాను అంతే అని ఎంత చెప్పినా వినలేదు. అక్కడ నన్నొక బల్ల మీద పడుకోబెట్టి, నా మీదుగా ఒక యంత్రాన్ని మెల్లగా జరిపి, ఎముకల బలం చూశారు. నా మనవరాలి వయసుండే డాక్టరమ్మ తెరను నావైపు తిప్పి, "అమ్మమ్మా, ఇది మీ వెన్నెముక. కాల్షియం బాగా తగ్గిపోయింది చూడండి" అంది. నల్లటి తెర మీద తెల్లటి పూసలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. కొంచెం అరిగాయి, కొంచెం పక్కకు ఒరిగాయి, కానీ దేని చోట్లో అది ఉంది. ఎనభై దాటినదానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆమె మందుల గురించి చెబుతూనే ఉంది. నేను మాత్రం పూసల నడుమ సందులనే చూస్తూ ఉండిపోయాను. అట్లాంటి సందు ఒకటి మూసుకుపోయి మా ఇల్లు ఎట్లా కూలిందో ఆ పిల్లకు చెప్పాలనిపించింది. కానీ బయట ఇంకా చాలామంది కూర్చొని ఉన్నారు.

మా అక్క నాకంటే ఏడేండ్లు పెద్దది. మాది యాలాల్ దగ్గర ఒక పల్లె. నాయినకు ఇంత కందిచేను, ఎండకాలమొస్తే తాండూరు గనుల్లో బండలు తీసే పని. పోలీసు యాక్షన్ అయిపోయి రోడ్ల మీద భయం తగ్గిన మరుసటేడు నాయిన అక్కను వికారాబాదులో మిషన్ వాళ్ల బోర్డింగు బడిలో వేశాడు. ఆడపిల్లను రైలెక్కించి చదువుకు పంపడం మా వాడలో అదే మొదలు. నాయనమ్మ అలిగి అన్నం ముట్టనన్నది. ఎవరూ చూడనప్పుడు మాత్రం బాగానే ముట్టిందని అమ్మ తర్వాత చెప్పేది. నాయినది ఒకటే మాట: "నా బిడ్డ ఒంగి కలుపు తియ్యొద్దు. నిలవడి బతకాలె." అక్క బోర్డింగు చదువు ముగించి, టీచరు ట్రైనింగు చేసి, తాండూరులో ఆడపిల్లల బడికి పంతులమ్మగా వచ్చింది. మేమంతా తాండూరులో ఒక కిరాయి ఇంటికి మారాం. నేనూ ఆ బళ్లోనే చదివేదాన్ని. బళ్లో పొరపాటున "అక్కా" అంటే చెవి మెలిపెట్టేది. ఇంట్లో "టీచర్" అంటే కడుపు పట్టుకొని నవ్వేది.

ఆ ఏడు కొత్త పుస్తకాలు వచ్చాయి. అందులో "అస్థిపంజరం" అని ఒక పాఠం ఉంది. మా దిక్కు ఎముకను బొక్క అంటాం. ఎముక అన్నదే మాకు పెద్ద మాట, ఇక అస్థి అంటే ఎవరికి ఎరుక? పంజరం మాత్రం అందరికీ అర్థమైంది. "పంజరమున్నదంటే అండ్ల చిలుక గూడ ఉంటది గద టీచర్?" అని వెనక నుంచి ఒక పిల్ల అడిగింది. క్లాసంతా నవ్వింది గానీ అక్క నవ్వలేదు. "ఉంటది. పక్కబొక్కల మీద చెయ్యి పెట్టుకొని సప్పుడు చెయ్యకుండ కూసోండ్రి. లోపల కొట్టుకుంటున్నదే, గదే" అంది. అంత మంది పిల్లలం ఒక్కసారిగా ఊపిరి బిగబట్టి మా గుండెలను విన్నాం.

బడికి గోడపటాలు ఇంకా రాలేదు కాబట్టి మా ఒళ్లే పటాలయ్యాయి. పుర్రె మెదడుకు పెట్టె అంది. మోచెయ్యి తలుపు బందు లాంటిది, ముందుకే మడుస్తుంది. భుజం గిన్నెలో గోలీ లాంటిది, ఎటైనా తిరుగుతుంది అని మాతో చేతులు తిప్పించింది. "మటన్ల నల్లిబొక్క పీలుస్తరు గద, ఆ మూలుగలనే నెత్తురు తయారయ్యేది" అన్నప్పుడు సగం మంది ఛీ అన్నారు, మిగతా సగం మందికి ఆకలైంది. వెన్నెముకను మాత్రం చాలాసేపు చెప్పింది. ముందున్న పిల్లను నిలబెట్టి, మెడ నుంచి కిందికి వేలితో ఒక్కొక్క పూస చూపిస్తూ, వీటి నడుమ మెత్తటి దిండ్లుంటాయని, అవి ఉండబట్టే మనం ఎగిరి దూకినా తల అదరదని, పూసల వెనక ఉండే రంధ్రాల గుండా నరాల తాడు పోతుందని, దానికి పూసలే కాపలా అని చెప్పింది. కోడి కాలిబొక్కను సిర్కాలో, అదే వెనిగర్‌లో, నానబెట్టి, కొన్ని దినాలకు తీసి మా ముందర తాడులా వంచి చూపిస్తే నాలుగు వాడలు ఆ ముచ్చటే చెప్పుకున్నాయి. ఒక పిల్ల నాయనమ్మ బడికొచ్చి, "టీచరమ్మా, మా పిల్ల పండుకున్నదాన్ని లేపి నా బొక్కలు లెక్కపెడుతున్నది, జర చెప్పుండ్రి" అని మొరపెట్టుకుంది. అంత సంబరంగా గడిచిన ఏడు మా ఇంట్లో మళ్లీ రాలేదు.

అక్కలో మార్పు మొదట చూసింది బడిపిల్లలే. చాక్‌పీసు కిందపడితే టీచరు ఒంగడం లేదు. వీపు కట్టెలా నిటారుగా పెట్టి, తొడ మీద అరచెయ్యి ఆనించుకుంటూ, మోకాళ్ల మీద దిగి తీసుకుంటున్నది. అది పట్నపు షోకు అనుకొని పిల్లలంతా అట్లాగే పలకలు ఏరుకోవడం మొదలుపెట్టారు. నేను కూడా. అమ్మ మాత్రం, కుర్చీలో కూర్చునే పని, నడుము పట్టదా అన్నది. సాయంత్రమైతే కొంచెం జ్వరం, ఎండ తగిలిందనుకున్నాం. నాయిన కన్నడ దిక్కు నుంచి బొక్కలు కట్టే ముసలాయనను పిలుచుకొచ్చాడు. ఆయన "సరి ఆగతైతి" అంటూ, సరైపోతుందని ధైర్యం చెప్పి, నూనె రాసి గట్టిగా తోమి కట్టు కట్టాడు. అక్క దిండు కరుచుకొని ఏడ్చింది. ఆయన తప్పేం లేదు, తనకు తెలిసింది చేశాడు. ఒక ఆదివారం తలస్నానం చేయిస్తూ వీపు రుద్దుతుంటే నా చేతికి చర్మం కింద గులకరాయి లాంటిది తగిలింది. "అక్కా, ఇక్కడ బొక్క బయటికొచ్చింది" అన్నాను. అక్క తన చెయ్యి వెనక్కి తెచ్చి తడుముకొని చూసుకుంది. తర్వాత, "నీళ్లు సల్లారిపోతున్నయి, పొయ్యవే" అంది.

పట్నంలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుంటే, ఆయన నోరు తెరవకముందే అక్క అడిగింది: "ఆ రెండు పూసల నడుమ మెత్త లేదు గద సార్?" ఆయన ఆమె దిక్కు చూసి, "లేదమ్మా. పై పూస కిందిదాని మీదికి కూలింది. క్షయ తిన్నది" అన్నాడు. క్షయ అంటే దగ్గు, నెత్తురు కక్కడం అనుకునేవాళ్లం మేము. బొక్కను కూడా తింటుందని మాకేం ఎరుక? నాయిన డాక్టరు చేతిలోని ఆ ఫిల్మును చూస్తూ, "ఎన్నటికి నిలవడుతది సార్?" అని మాత్రం అడిగాడు. డాక్టరు అనంతగిరి గుట్ట మీద దవాఖానకు కాగితం రాసిచ్చాడు.

నేను బడి మానేసి అక్కతో గుట్ట మీదికి పోయాను. అమ్మ పోతే ఇల్లెవరు చూస్తారు? అక్కడ అక్క వీపుకు, నడుముకు సున్నపు పట్టీలతో అచ్చు తీసి, తొట్టి లాంటి ఒక మంచం చేసి, అందులో కదలకుండా పడుకోబెట్టారు. పూసలు కదలకుండా ఉంటే మాని, ఒకదానికొకటి అతుక్కుంటాయన్నారు. దినాం సూదిమందు, గొంతు దిగని పొడి. వరండాలో మంచాలు వరసగా ఉండేవి, ఎదురుగా టేకుచెట్లు, పొద్దున పొగమంచు. అక్కకు ఆకాశం, వరండా కప్పు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. అయినా మొదటి ఏడు మేము ఆశతోనే ఉన్నాం. జ్వరం దిగింది, బుగ్గలు నిండాయి. ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే నాయిన తాండూరు నుంచి రైల్లో వచ్చి, వికారాబాదు స్టేషను నుంచి గుట్టెక్కి, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, ఉడికించిన గుడ్లు తెచ్చేవాడు. అక్క పడుకునే నాకు లెక్కలు చెప్పేది. "నేను పండుకున్న గని నా బొక్కలు నెత్తురు చేసుడు బందు పెట్టలే. గవర్నమెంటు నౌకరీ కాదు గద" అని నవ్వేది.

రెండో చలికాలంలో ఒక పొద్దున, నేను ముఖం తుడుస్తుంటే అక్క అంది: "దుప్పటి జారినట్టుంది. కాళ్ల మీద కప్పు."

దుప్పటి కాళ్ల మీదే ఉంది. నేనే గట్టిగా చుట్టి పెట్టాను. ఏం చెప్పాలో తెలియక, తీసి మళ్లీ కప్పాను. "కప్పినవా?" అంది. కప్పాను అన్నాను. అక్క కళ్లు మూసుకుంది. కొంతసేపటికి, "చెల్లే, బొటనవేలు గిచ్చు" అంది. గిచ్చాను. "గట్టిగ." నా గోరు దిగి గుర్తు పడింది. అక్క ముఖం కదల్లేదు. "క్లాసుల చెప్పిన గద, నరాల తాడుకు పూసలు కాపలా అని. కాపలా ఉన్నోడే మీద పడ్డడు" అంది. నాకు ఏడుపొచ్చింది. అక్కకు రాలేదు. అది చూసి నాకు ఇంకా భయమైంది.

పూస వెనక చీము చేరి నరాలను ఒత్తుతున్నదని డాక్టరు చెప్పాడు. ఆపరేషను ఉంది, కానీ మద్రాసు దిక్కు పోవాలి, అప్పటికి ఊపిరితిత్తులకు కూడా క్షయ పాకింది, మత్తుమందుకు తట్టుకోదు అన్నాడు. ఆ మాటలన్నీ నాయిన విన్నాడు, కానీ ఒక్కటి కూడా లోపలికి పోనియ్యలేదు. ప్రతి ఆదివారం కూర్చొని ఆ కాళ్లకు నూనె రాసేవాడు. పిక్కలు కరిగి, చర్మం కింద బొక్కలు మాత్రమే మిగిలాయి. వీపున పుండ్లు పడ్డాయి. ఒక ఆదివారం నాయిన దారంతో అక్క పాదం కొలుచుకుపోయాడు. మళ్లీ వారం తాండూరు బజారు నుంచి ఎర్రతోలు చెప్పులు తెచ్చాడు. పడుకొని ఉన్న అక్క పాదాలకు ఒక్కొక్కటి తొడిగి, పట్టీలు బిగించి, "కరుస్తున్నయా బిడ్డా?" అని అడిగాడు.

"లేదు నాయినా. మంచిగ సరిపోయినయి" అంది అక్క.

ఆయన తృప్తిగా తలూపాడు. చెప్పులను మంచం కింద పక్కపక్కన పెట్టి, "లేచిననాడు ఏసుకో" అని గుట్ట దిగిపోయాడు. ఆయన కనుమరుగైనాక అక్క నన్ను అడిగింది: "ఏం రంగు?"

వానలు మొదలైన నెలలో, ఒక మధ్యాహ్నం, ముసురులో అక్క పోయింది. పోయే ముందు పెద్ద మాటలేవీ అనలేదు. ఆయాసంలో మాటలకు ఊపిరి చాల్లేదు. తెల్లవారి అమ్మానాయిన వచ్చారు. పెట్టె చేయించడానికి నాయిన వికారాబాదులో వడ్రంగి దగ్గరికి పోయాడు. ఎంత పొడుగని వడ్రంగి అడిగితే, తన చెవి దగ్గర చెయ్యి పెట్టి, "నా బిడ్డ గింతుంటది" అన్నాడట. ఆయన మనసులో అక్క అప్పటికీ నిలబడే ఉంది. పెట్టె వచ్చాక చూస్తే అక్కకు అది చాలా పెద్దదైంది. వెన్ను కూలి, మనిషి కుంగి, చిన్నపిల్లంత అయిపోయిన సంగతి పక్కనే ఉన్న నాకు కూడా అప్పుడే తెలిసింది. నాయిన ఎవరితో ఏమీ అనకుండా, అక్క బడికి కట్టుకునే చీరలు మడతలు పెట్టి కాళ్ల కింది ఖాళీని నింపాడు. అమ్మ వంగి, "కాళ్లు ఆనుతున్నయా బిడ్డా?" అని అక్కను అడిగింది.

నేను మళ్లీ బడికి పోలేదు. ఏడు తిరక్కముందే తాండూరులోనే నాకు పెండ్లి చేశారు. నాయిన గని పని మానేశాడు. చర్చికి వచ్చేవాడు గానీ పాట అందుకునేవాడు కాదు, పెదవులు మూసుకొని కూర్చునేవాడు.

ఇంకా కొన్నేండ్లు గడిచాయి. ఒకనాడు నాయిన యాలాల్ దారిలో గొర్ల వెంట పోతున్న ఒక గొల్లోళ్ల పిల్లను చూశాడట. వీపున చిన్న గూను. ఆపి అడిగితే, వెంట ఉన్న ఆ పిల్ల తల్లి చెప్పిందట: ఇదే రోగం, మొదట్లోనే పట్టుకున్నారు, కొత్త మందులు నెలల తరబడి మింగించారు, ఇగో, ఇప్పుడు గొర్లు కాస్తున్నది అని. నాయిన మా ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాడు. నేను నీళ్లిస్తే తాగలేదు. "ఉరుకుతున్నది" అన్నాడు. "గొర్రె తప్పిపోతే ఎంబడి ఉరుకుతున్నది." అంతకుమించి ఆ సంగతి బతికినన్ని దినాలు ఎత్తలేదు. అక్క పోయిననాడు అందరూ ఆయనకు ఒకటే చెప్పారు, కాలమే మాన్పుతుందని. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. కాలం మాన్పింది, వేరేవాళ్ల బిడ్డలను.