ఏటికి ఎదురెక్కే రెక్క

పడవ మోటారు ఆగి ఉన్నప్పుడు ఫల్గుణ దాని వెనక గొట్టంలోకి తొంగి చూస్తుంటాడు. ఇంత సీలేరు నది ఆ గుప్పెడు చీకట్లోంచి ఎలా దూరి వెళుతుందో అతనికి ఇప్పటికీ అబ్బురమే.

ఎగువ కొండల్లోని తన ఊరికీ, దిగువన సంత జరిగే రేవుకూ మధ్య అతను పడవ నడుపుతాడు. పాత మోటారు పంకా నీళ్లలోకి వేలాడేది. రాళ్లు దాన్ని కొరికేసేవి. ఇప్పటి మోటారు మాత్రం పడవ అడుగున నీటిని పీల్చి వెనక్కి చిమ్ముతుంది. ఆ విసురుకు పడవ ముందుకు పోతుంది. పీల్చేది లోపలున్న చిన్న రెక్కల చక్రం. దాన్ని ఇంపెల్లర్ అంటారు.

ఇసుక నమిలి నమిలి ఆ రెక్కలు మొద్దుబారాయి. ఊరికి కాస్త ముందు నది రాళ్ల మెట్ల మీంచి దూకుతుంది. అక్కడ మోటారు అరుస్తుందే తప్ప నిండు పడవ ఎక్కడం లేదు. ఈ సంతకైనా ఎక్కించకపోతే మోటారును వేరే ఊరికి ఇచ్చేస్తామని పడవల సంఘం చెప్పేసింది. ఇక అందరికీ మిగిలేది కొండదారి, తలమీద బియ్యం మూట.

సంత రోజు మెకానిక్ ప్రేమ్‌కుమార్ రెండు కొత్త ఇంపెల్లర్లు తెచ్చి రేవులో గోనె మీద పెట్టాడు.

“ఈ నిటారు రెక్కలది తీసుకో బావా. పడవ ఎగిరిపోద్ది.”

“ఎంతమందితోటి?”

“నువ్వూ నేనూ!”

ఫల్గుణ నవ్వాడు. “మావోళ్లు సంతకి కలిసొత్తారు, కలిసెల్తారు. రేవులో ఒక్కర్ని ఒగ్గీసి కదిల్తే ఊళ్లో నాకు అంబలి కూడా పొయ్యరు.”

“అయితే వాలు రెక్కలదే. తిరిగినప్పుడల్లా కొంచెమే తోస్తాది గానీ, ఎంత బరువున్నా మోటారు అలిసిపోదు. స్పీడు మాత్రం అడక్కు.”

ఫల్గుణ దాన్ని ఎండలోకి ఎత్తాడు. రాళ్ల వెనక తిరిగే సుడిని ఎవరో కదలకుండా పట్టుకుని లోహంలో పోతపోసినట్టుంది. “ఇదే బిగించు,” అన్నాడు.

బిగించాక జనం ఎక్కారు. రెండో ఇంపెల్లర్ చంకన పెట్టుకుని ప్రేమ్‌కుమారూ ఎక్కాడు. బియ్యం, ఉప్పు, నూనె డబ్బాలు ఎక్కాయి. ఊరి పిల్ల కనక మేకపిల్లను ఒళ్లో పెట్టుకుంది. ఫల్గుణ అత్త సోములమ్మ మామిడాకులు, పూలు నింపిన బుట్టతో పడవ ముక్కు దగ్గర కూర్చుంది. కొత్త వస్తువేదైనా ఏటిలోకి దిగితే, భయమున్న చోట గంగమ్మకు ముందుగా ఆకూ పువ్వూ ఇవ్వడం ఆ ఊరి పద్ధతి.

రాళ్ల మెట్లు కనిపించాయి. సోములమ్మ బుట్ట మొత్తం పడవ ముందు కుమ్మరించి దండం పెట్టింది. పడవ ఆ పూల మీదుగా వెళ్లి నురగలో తల పెట్టింది. మోటారు కీచుమంది. పడవ ఉన్నచోటే వణికి, మెల్లగా వెనక్కి జారిపోయింది.

“ఎంచి ఎంచి బద్ధకం రెక్క తెచ్చినావేటి, మావా!” అంది కనక. ఎవరూ నవ్వలేదు.

ఒడ్డు పక్క నిదానమైన నీటిలో పడవ ఆపి, ఫల్గుణ మోటారు ఆపేశాడు.

“రెండోది బిగిద్దామా?” అన్నాడు ప్రేమ్‌కుమార్ నీరసంగా.

ఫల్గుణ మోటారును పైకి వంచాడు. అడుగున నీళ్లు పీల్చే జల్లెడ మీద మామిడాకులు పొరలుగా అతుక్కుని, నీటి దారి మూసేశాయి. ఆకుల మధ్య బంతిపూల రేకులు.

“అత్తా, గంగమ్మకిచ్చిందంతా మోటారు తినేసింది.”

సోములమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. “అయ్యో నాయనా! ముందేయకూడదా? ఎనకేత్తే తల్లికి కోపం రాదా?”

“తల్లి ముందూ ఎనకా అంతా ఉంది కదే,” అంటూ అతను ఆకు ఆకూ పీకి, కళ్లకద్దుకుని, వెనక నీళ్లలోకి వదిలాడు.

మళ్లీ మోటారు అందుకుంది. ఈసారి గొంతు మారింది; కడుపు నిండిన జంతువు గురగురలా. పడవ తొందరపడలేదు. మొదటి మెట్టు మీద ముక్కు పైకి లేచింది. రెండు పక్కలా నీళ్లు కిందికి పరుగెడుతుంటే, మధ్యలో పడవ ఒక్కటే మనిషి నడకతో పైకి నడిచింది. ఇంత బరువును, ఇంత ఊరిని, నది తన నీళ్లతోనే తనకు ఎదురుగా మోసుకుపోతోంది. కనక మేకపిల్లను హత్తుకుంది. ఫల్గుణ కళ్లలో నీటి తుంపర్లు. తుడుచుకోలేదు.

చివరి రాయి దాటాక నది అద్దంలా పరుచుకుంది. ప్రేమ్‌కుమార్ ఫోను తీసి సంఘం వాళ్లతో, “ఎక్కేసింది. నిండు పడవే. అందరూ ఉన్నారు. మోటారు ఇక్కడే ఉంటాది,” అన్నాడు.

ఊరి రేవు చేరి మోటారు ఆగినా ఎవరూ లేవలేదు. ముందుగా ఒడ్డుకు దూకింది మేకపిల్ల.