ప్రశ్నల్లో లేని బెంగ

కరోనా తర్వాత కాలేజీలు తెరిచిన ఏడాది, పర్చూరు దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నన్ను స్టూడెంట్ కౌన్సెలర్‌గా వేశారు. పిల్లలు నా గదికి రావడానికి సిగ్గుపడుతున్నారని యాజమాన్యం ఒక యాప్ తెప్పించింది. ప్రతి సోమవారం వాళ్లు ఫోన్‌లో పది ప్రశ్నలకు ‘అవును’ అనో ‘లేదు’ అనో నొక్కాలి. జవాబులను బట్టి పేరు పక్కన ఎరుపు వస్తే ఆ రోజే పిలవాలి, పసుపుకు వారం గడువు, ఆకుపచ్చ అయితే పిలవనక్కర్లేదు. తెలుగు ప్రశ్నలు సరిచూసి సంతకం పెట్టింది నేనే. ‘మీరు నిరాశకు లోనవుతున్నారా?’ లాంటివి. చదువుకున్నదాన్ని కదా, భేషుగ్గా ఉన్నాయనుకున్నాను.

డిసెంబరులో హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసింది. అద్దంకి వైపు నుంచి వచ్చిన ఫస్టియర్ అమ్మాయి మాధవి మూడు రోజులుగా మెస్సుకు రావడం లేదట. కంప్యూటర్‌లో చూశాను. ఆకుపచ్చ. “యాప్‌లో బాగానే ఉందే” అన్నాను.

“యాప్ తిందేమో మేడమ్, పిల్ల మాత్రం తిన్లేదండీ” అందావిడ.

తల కొట్టేసినట్టయింది. వెంటనే వెళ్లాను.

మాధవి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చిక్కి సగమైంది. తనను పెంచిన నాయనమ్మ పోయిందనీ, పరీక్షలు పాడవుతాయని ఇంట్లోవాళ్లు పెద్దకర్మ అయ్యాక గానీ చెప్పలేదనీ మెల్లగా చెప్పింది. మరి ఫోన్‌లో అన్నిటికీ ‘లేదు’ అని ఎందుకు నొక్కావమ్మా అని అడిగాను.

“నాకు నిరాశేం లేదు మేడమ్. నాయనమ్మ మీద బెంగ పెట్టుకున్నా. అది అందులో అడగలేదుగా.”

మా వైపు బెంగతో జ్వరం వస్తుంది, అన్నం సయించదు. అయినా దాన్ని ఎవరూ జబ్బు అనరు. నాకు తెలియని మాటా? రిటైరై ఇంట్లో కూర్చున్న నాకు ఇవాళ ఆ కాలేజీ వరండా మీద, తరగతులు వదిలాక పిల్లలు చేసే గోల మీద ఉన్నదీ బెంగే. పుస్తకాల భాష మోజులో పడి ఆ ఒక్క మాటే మరిచిపోయాను.

మాధవిని ఆ సాయంత్రమే గుంటూరులో మానసిక వైద్యురాలికి చూపించాం. తర్వాత పట్టుబట్టి యాప్‌లో పదకొండో ప్రశ్న చేర్పించాను: ‘ఎవరిమీదైనా బెంగగా ఉందా?’ అది చేరిన మొదటి సోమవారమే, ఎప్పుడూ ఆకుపచ్చలో ఉండే పేర్లు చాలా పసుపులోకి వచ్చాయి. వారమంతా నా గది ముందు పిల్లలే.

వేసవి సెలవుల నాటికి మాధవి తేరుకుంది, పరీక్షలూ రాసింది. అయినా ఆ ప్రశ్నకు ‘అవును’ అనే నొక్కింది. పిలిచి అడిగాను.

“తింటున్నాగా మేడమ్. బెంగ మాత్రం ఉండనీండి” అంది.

పిల్లలు ‘లేదు’ అని నొక్కితే ముందు నా ప్రశ్నను అనుమానించడం ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. ‘అవును’ అంటే, దాన్ని తుడిచేయాలన్న తొందర మానుకోవడం ఆ పిల్ల నేర్పింది.