వడగళ్ళ ఏడాది సీసా

పొద్దున్నే లేచి చొక్కా చేతుల అంచుల మీద మరకలు వెతకడం ఆమెకు పెళ్ళయిన నాటి నుంచీ అలవాటు. భర్త ఒక పెద్ద హోటల్లో బల్లల దగ్గర నిలబడి వైన్ వడ్డించేవాడు. ఎంత చెయ్యి తిరిగినవాడైనా, కుడిచేతి అంచు మీద ఒక్క ఎర్రచుక్కయినా లేకుండా ఇంటికి వచ్చింది లేదు. పచ్చి మరకైతే ఉప్పు చల్లి చన్నీళ్ళలో రుద్దేది. ఆరిపోయిందైతే నానబెట్టి, తిట్టి, మళ్ళీ రుద్దేది. "ఎవరికి పోశావయ్యా ఇంత వయ్యారంగా?" అంటే, "దాహం లేనివాళ్ళకి" అనేవాడు ఆయన, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ.

చలికాలం మొదట్లో ఆయన పోయాడు. హోటల్లోనే, ట్రే చేతిలో ఉండగానే గుండె ఆగిందట. ఇప్పటికీ ఆమె పొద్దున్నే లేస్తుంది. తొట్టి దగ్గరికి వెళ్ళి ఉప్పు డబ్బా అందుకుంటుంది. రుద్దడానికి ఏమీ ఉండదు. మూత బిగించి వచ్చేస్తుంది.

ఆ ఇంట్లో ఆమె దుఃఖం ఒక ఎత్తు, అత్తగారి దుఃఖం ఒక ఎత్తు. కొడుకు పోయిన రోజు నుంచి ముసలామె బల్ల దగ్గర కూర్చోవడం మానేసింది. వంటింటి గోడకు ఆనుకుని నిలబడి, పరాయి ఇంట్లో దొంగతనంగా తింటున్నట్టు రెండు ముద్దలు మింగేది. గుమ్మంలో ఎవరి అలికిడి విన్నా వెనక గదిలోకి తప్పుకునేది. "కొడుకుని మింగి కూర్చుంది ముసలిది అనుకుంటారే పిల్లా," అనేది కోడలితో. ఒకప్పుడు ఆ నోటికి వీధి వీధంతా జడిసేది. ఇప్పుడా నోరు అణిగిపోవడం చూస్తే కోడలికి గుండె జారిపోయేది. ఒక చావు చాలదా ఈ ఇంటికి?

వసంతంలో ముసలామెకు ఎనభై నిండుతాయి. ఆ రోజు కోసం భర్త ఏళ్ళ తరబడి ఒకటే మాట చెప్పుకునేవాడు. అమ్మ పుట్టిన ఏడాది ద్రాక్షతో చేసిన వైన్ సీసా ఒకటి కొని తెస్తానని. "బతుకంతా ఎవరెవరి పుట్టినరోజులకో నడుం వంచి పోశాను. ఒక్కసారి మా అమ్మకి పోస్తాను," అనేవాడు. పోయకుండానే వెళ్ళిపోయాడు.

ఒక ఆదివారం మరిదీ ఆడపడుచూ వచ్చారు. మరిదికి టైర్ల దుకాణం. మాట్లాడినా గాలి నింపుతున్నట్టే ఉంటుంది.

"వదినా, హోటల్ వాళ్ళిచ్చిన డబ్బుంది కదా. అన్నయ్య సమాధికి పాలరాయి వేయిద్దాం. చుట్టూ గొలుసులు కూడా. చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టాలి."

ఆమె పల్లెత్తు మాట అనే మనిషి కాదు. ఆ రోజెందుకో నోరు దానంతటదే తెరుచుకుంది. "బతికుండగా మీ అన్న నీ దుకాణానికొస్తే ఒక స్టూలు వేసి ఎరగవు. ఇప్పుడు పాలరాయా? చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా?"

మరిది గాలి తీసేసిన ట్యూబులా అయిపోయాడు.

"ఆ డబ్బుతో అత్తయ్యకి సీసా కొంటాను. ఆయన కొంటానన్న సీసా. రాయి ఎక్కడికీ పోదు."

"ఈ ఏడాది పుట్టినరోజేంటి వదినా?" అంది ఆడపడుచు. "జనం ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు?"

"అదే... కొడుకు మట్టి ఆరకముందే ముసలామె విందులు చేసుకుంటోందని."

"మీ అమ్మ బతికున్నందుకు ఎవరికి క్షమాపణ చెప్పుకోవాలో వాళ్ళ ఇల్లు చూపించు. నేనే వెళ్ళి చెప్పొస్తాను."

వెనక గది తలుపు కొంచెం కదిలింది. మళ్ళీ మూసుకుంది.

వైన్ దుకాణం నేలమాళిగలో ఉంది. మెట్లు దిగుతుంటే తడిచెక్క వాసన, చల్లదనం. ఆ వాసన ఆమెకు కొత్త కాదు. భర్త కోటు విప్పి తగిలిస్తే ఇల్లంతా అదే ఉండేది. ఒక్క క్షణం కమ్మీ పట్టుకుని నిలబడి, తర్వాత దిగింది.

ఏడాది చెప్పగానే దుకాణదారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, పెదవి విరిచాడు. "ఆ ఏడాదా? ద్రాక్ష కోతల ముందు వడగళ్ళు పడ్డాయమ్మా. మిగిలిన కాస్తా వానలకి కుళ్ళింది. చాలామంది సీసాల్లోకే ఎత్తలేదు. దాని ముందటేడాది తీసుకోండి, అమృతం. ఒక్క ఏడాది తేడా ఎవరు చూస్తారు?"

"ఆవిడ చూస్తుంది."

"అది చెడ్డ ఏడాదమ్మా."

"మంచి ఏడాది చూసుకుని పుట్టమని ఆవిడకెవరూ చెప్పలేదుగా బాబూ. ఆ వడగళ్ళ ఏడాదే పుట్టింది. నాకు అదే కావాలి."

అతను ఆమె వంక ఒకసారి చూసి, నవ్వుకుంటూ లోపలికెళ్ళి మూడు సీసాలు తెచ్చాడు. ఆమె ఒక్కొక్కటీ దీపానికి ఎదురుగా పట్టుకుని చూసింది. భర్త మాట గుర్తే. వైన్ మెడ దాకా ఉంటే ప్రాణం ఉన్నట్టు, భుజం కిందికి దిగితే బిరడా వదులై గాలి దూరినట్టు. రెండు సీసాల్లో భుజం దాటి దిగిపోయింది. మూడోది పొట్టిగా, నల్లగా, దుమ్ము కొట్టుకుని ఉంది. అందులో మాత్రం మెడలోనే నిలిచింది.

"అది తియ్యటి రకం," అన్నాడు అతను. "ద్రాక్షరసం పులుస్తుండగా మధ్యలో ఘాటు సారా పోసి ఆపేస్తారు. అందుకే ఇన్నేళ్ళు ఆగుతుంది. అయినా ఉందో పోయిందో తెరిచాకే తెలిసేది. పోతే నన్నడక్కూడదు."

"పోతే నేనూ మా అత్తగారూ తేల్చుకుంటాం."

పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి తెచ్చి, అల్మారాలో నిటారుగా నిలబెట్టింది. పాత సీసా అడుగున మడ్డి ఉంటుంది. అది పేరుకోవాలి, కదపకూడదు. పెళ్ళైన కొత్తలో భర్త సీసాలో టీ నీళ్ళు, గుప్పెడు టీ పొడి పోసి, మడ్డి రాకుండా వంచడం సాధన చేసేవాడు. సీసా మెడ వెనక కొవ్వొత్తి పట్టుకోవడం ఆమె పని. మడ్డి నల్లటి పోగులా మెడలోకి రాగానే "ఆపు!" అని అరవాలి. ఎన్ని సాయంత్రాలు ఆ టీ నీళ్ళు బట్టల మీద ఒంపుకుని నవ్వుకున్నారో!

పుట్టినరోజు పొద్దున సాయానికని ఆడపడుచు ముందే వచ్చింది. ఆమెను ఇంట్లో అందరూ చీపురు అంటారు. దుమ్ము కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. కోడలు బజారు నుంచి వచ్చేసరికి, కడిగిన గిన్నెల పక్కన సీసా తళతళలాడుతూ బోర్లించి ఉంది. తొట్టిలో కాగితం ముక్కలు తేలుతున్నాయి.

"ఎంత మట్టి వదినా! అలాగే అంటగట్టాడా ఆ మోసగాడు? పీచు పెట్టి తోమాను," అంది చీపురు గర్వంగా. వదిన మొహం చూశాక గొంతు తగ్గింది. "ఏం... కడక్కూడదా?"

మరిది వచ్చి తొట్టిలోకి తొంగిచూశాడు. "ఇంకేం, ఏడాది రాసిన కాగితం కాస్తా పోయింది. ఇప్పుడిది ఎప్పటిదో ఎవడికి తెలుసు? వెనక్కిచ్చెయ్ వదినా."

వెనక గదిలోంచి ముసలామె గొంతు వచ్చింది. "పోనీలేవే పిల్లా. నాకు రాసిపెట్టి లేదు. పారబోసెయ్."

కోడలు సీసాను మెల్లగా తిప్పి బల్ల మీద నిటారుగా పెట్టింది. "దీన్నెవరూ ముట్టుకోవద్దు. మడ్డి మళ్ళీ అడుక్కి దిగాలి. భోజనం సాయంత్రానికి."

"సాయంత్రం దాకానా? ఆకలేస్తుంది వదినా!"

"అది ఎనభై ఏళ్ళు ఆగింది. నువ్వొక పూట ఆగలేవా?"

సాయంత్రం బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచింది. ముసలామె అలవాటుగా వంటింటి గోడ దగ్గరికి నడిచింది.

"అక్కడ కాదు అత్తయ్యా. మీరు నిలబడి తింటే నేనూ నిలబడే తింటాను. వీళ్ళనీ కూర్చోనివ్వను."

"మొండిదానివే నువ్వు."

"మీ దగ్గరేగా నేర్చుకున్నాను. కూర్చోండి. కొవ్వొత్తి పట్టుకోవడానికి నాకు మనిషి కావాలి."

ముసలామె కూర్చుంది. కోడలు భర్త కోటు జేబులోంచి తీసిన బిరడా లాగే మరను మెల్లగా తిప్పింది. సగం బిరడా చేతికొచ్చి, సగం లోపలే ఉండిపోయింది. కొందరు బిరడా మీద కూడా ఏడాది అంకెలు కాల్చి అచ్చు వేస్తారని ఆయన చెప్పేవాడు. అందరూ కాల్చరు. రెండో సగాన్ని ఊపిరి బిగబట్టి లాగి, తుడిచి, అత్తగారి అరచేతిలో పెట్టింది.

ముసలామె దాన్ని కొవ్వొత్తి దగ్గరికి తెచ్చి, గోటితో గీరి, కళ్ళు చిట్లించింది. మసకగా నాలుగంకెలు. చాలాసేపు చూసింది.

"నాదే," అంది. బిరడాను గుప్పిట్లో మూసేసుకుంది.

ముసలామె కొవ్వొత్తి పట్టుకుంటే కోడలు సీసా వంచింది. పొద్దున బోర్లించిన పాపానికి మడ్డి తొందరగానే వచ్చేసింది. నల్లపోగు మెడలోకి రాగానే "ఆపు!" అని తనకు తనే చెప్పుకుని ఆపింది. తలా కొంచెమే వచ్చింది. పాత ఇటుక రంగు. ముసలామె గుటక వేసి కళ్ళు మూసుకుంది. అందరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"ఎండుపళ్ళు. పాత చెక్కపెట్టె. కొంచెం మందుల వాసన." కళ్ళు తెరిచింది. "చావలేదే ఇది! ఇంకా పొయ్యి."

"మిగిలిందంతా మడ్డి అత్తయ్యా."

"పొయ్యవే. ఆ ఏడాది పుట్టినదానికి తేట ఎవడిచ్చాడు?" చిన్నకొడుకు వైపు తిరిగింది. "ఏరా, పాలరాయి వేయిస్తావట. ముందు నా గది కిటికీ రెక్క బాగుచెయ్యి. చలికాలమంతా గాలి నా నెత్తి మీదే. ఇదిగో చీపురూ, నువ్వు నా గదిలోకి పీచు పట్టుకుని వచ్చావంటే ఊరుకోను!"

చీపురు నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. కోడలు మాత్రం తల వంచుకుని మడ్డి పోసింది. ఆ గదమాయింపు మళ్ళీ వింటాననుకోలేదు. ముసలామె వేలు ఝాడిస్తుంటే చేతికి తగిలి గ్లాసు ఒరిగింది. తెల్లగుడ్డ మీద అరచేతంత మరక పడింది.

చీపురు ఎగిరి గంతేసి ఉప్పు డబ్బా తెచ్చింది.

"అక్కడ పెట్టు దాన్ని," అంది వదిన.

"ఆరితే పోదు వదినా! నీకు తెలియనిదా?"

"తెలుసు."

మర్నాడు పొద్దున్నే ఆమె లేచింది. తొట్టి దగ్గరికి వెళ్ళలేదు. ఉప్పు డబ్బా మూత తియ్యలేదు. బల్ల మీద గుడ్డ అలాగే ఉంది, మరక ఆరి అంచులు ముదిరాయి. చేత్తో ముడతలు సవరించి, మరక పక్కనే పళ్ళెం పెట్టి, వెనక గది వైపు కేకేసింది.

"అత్తయ్యా, రండి! వచ్చి కూర్చోండి."