తుంగభద్ర బండ మీద కాబోయే బావ

ఆ రోజుల్లో మా ధైర్యం ఎండాకాలపు తుంగభద్ర లాంటిది. గట్టు మీద నుంచి చూస్తే మహానది, దిగితే చీలమండ మునగదు. కర్నూలు కొత్తగా రాజధాని అయి, గుడారాల్లో ప్రభుత్వం నడుస్తున్న కాలమది. నేను కాలేజీలో చదువుతున్నాను (చదువుతున్నానని ఇంట్లో నమ్మేవాళ్ళు). మా అక్కకు ఆత్మకూరు సంబంధం కుదిరింది. పెండ్లి దగ్గర పడిందనగా కాబోయే బావ బట్టలు కుట్టించుకోవడానికి కర్నూలు వచ్చి వాళ్ళ చిన్నాన్న ఇంట్లో దిగాడు. మా నాయన ఏటి అవతల నైజాం వైపు ఊళ్ళలో చుట్టాలకు పెండ్లి చెప్పడానికి పోయి ఉన్నాడు. ఇంతకన్నా మంచి అదను దొరకదని, నేనూ నా స్నేహితుడు దుర్భిణీ సాయిబూ కలిసి బావను ఏటి వెంబడి షికారుకు లేవదీశాం. (వాళ్ళ మామ పటాలం నుంచి తెచ్చిన దుర్భిణిని వీడు స్నానానికి పోయినా మెడలోంచి తీసేవాడు కాదు. అందుకే ఆ పేరు.)

పొద్దున్నే బయల్దేరి గట్టు వెంబడి దిగువకు నడిచాం. కొంగలు, నీటికాకులు, ఇసుకలో పొర్లాడే నీటికుక్కలు... ఏది చూపించినా బావ పెదవి విరిచేవాడు. "ఇవేం జంతువులప్పా! మా ఆత్మకూరులో పులి వాకిట్లోకొచ్చి నిలబడ్తాది. పోవే అంటే పోతాది." ఊరి పరువు పోతోందని నాకు రోషం వచ్చింది. "మొసలిని చూపిస్తాం రా బావా" అన్నాను. అది నడి ఏట్లో ఇసుక తిన్నె మీద ఎండ కాచుకుంటుందని సాయిబుకు తెలుసు. తిన్నెకు ఎదురుగా ఒక పెద్ద బండ ఉంది. చెప్పులు చేత పట్టుకుని, పాదాలు తడిసేంత నీళ్ళలో నడిచి బండ ఎక్కాం.

మొసలి ఉంది. నోరు తెరుచుకుని, దూలం పడేసినట్టు పడుకుని ఉంది. సాయిబు దుర్భిణి ఇచ్చాడు. బావ ఒక్కసారి చూసి, "ఇది... దగ్గరికొచ్చిందేమప్పా?" అన్నాడు. దుర్భిణిలో అట్లాగే కనపడుతుందని చెప్పేలోగా మొసలి తోక ఆడించి నీళ్ళలోకి జారింది. అప్పుడు చూశాం నీళ్ళను. ఎర్రగా, నురగ కట్టి వస్తున్నాయి. పడమట ఎక్కడో వాన పడినట్టుంది. మేం నడిచి వచ్చిన దారిలో ఒక తుమ్మకొమ్మ గిరగిరా తిరుగుతూ కొట్టుకుపోయింది.

"యాడుండాదిరా మొసలి?" అన్నాను.

"కనపడల్యా" అన్నాడు సాయిబు.

"సరిగ్గా చూడరా!"

"శానా సరిగ్గా కనపడల్యా."

బావ బండ నడిమధ్యకు జరిగి, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. "పులయితే కనపడ్తాది గదప్పా" అన్నాడు నీరసంగా. మళ్ళీ తనే, "నిజం చెప్తాండా, నేను పులిని చూడల్యా. మా జేజమ్మ చెప్పింది" అన్నాడు. నీళ్ళు బండ నడుం దాటాయి. ముగ్గురిలో ఎవరికీ ఈత రాదు. నాకు అక్క ముఖం గుర్తొచ్చింది. పెండ్లికొడుకు ఏడిరా అని అడిగితే ఏమని చెప్పాలి?

అంతలో ఎగువ నుంచి ఒక పుట్టి కనిపించింది. తోలు కప్పిన వెదురు గంప, నీటి మీద తిరుగుతూ వస్తోంది. కేకలు వేశాం. సాయిబు దుర్భిణి పెట్టి, "పుట్టి నడిపేటోడు, రెండు మేకలు, గొడుగు పట్టుకున్న ఒక పెద్దమనిషి..." అంటూ ఆగిపోయాడు. "ఒరే, మీ నాయనరా. నిన్నే చూస్తాండాడు."

నేను చటుక్కున బావ వెనక దాక్కున్నాను. "పిలువప్పా!" అని బావ గోల. "వద్దు బావా, మొసలే నయం!"

పుట్టి బండను ఆనుకుంది. నాయన నన్ను చూసి నోరు తెరిచాడు. (పొద్దున మొసలి తెరిచిన నోరు దాని ముందు చిన్నదే.) అప్పుడే ఆయన కళ్ళు బావ మీద పడ్డాయి. కాబోయే అల్లుడి ముందు అరవడమెట్లా? తెరిచిన నోరు అట్లాగే చిరునవ్వుగా మారింది. "ఏం అల్లుడుగారూ, గాలికి వచ్చినారా?"

"అవును మామా" అన్నాడు బావ అందరికన్నా ముందు పుట్టిలోకి ఎక్కుతూ. "గాలి శానా బాగుండాది."

నాయన గొడుగు బావకు పట్టాడు. గట్టు చేరి, నేలను తాకి ముగ్గురం ఒకేసారి ఊపిరి పీల్చుకున్నాం. సాయిబు వెనక్కి తిరిగి చూస్తే మొసలి అవతలి ఒడ్డున హాయిగా పడుకుని ఉంది. ఆ తరువాత నేను బావను వదిలితే ఒట్టు. ఆయన భోంచేస్తే పక్కన, కునుకు తీస్తే కాళ్ళ దగ్గర. ఆత్మకూరు బస్సెక్కితే సాగనంపే నెపంతో నేనూ ఎక్కి, పెండ్లివాళ్ళతోనే తిరిగొచ్చాను. పెండ్లి సందట్లో నాయన ఆ సంగతి ఎత్తలేదు. తప్పించుకున్నానని ఏళ్ళ తరబడి అందరికీ చెప్పుకుని నవ్వాను.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పుట్టిలో అల్లుడితో వానల గురించీ పంటల గురించీ మాట్లాడుతున్నంత సేపూ నాయన రెండో చేయి నా మణికట్టును పట్టుకునే ఉంది. ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా. నేను పారిపోకుండా పట్టుకున్నాడనుకున్నాను. అంత తెలివిగలవాణ్ణి మరి! నడి ఏట్లో, పుట్టిలోంచి, నేను యాడికి పారిపోతానని?