కాకినాడ నుంచి ఆరు షాంపేన్ సీసాలు

మండపేట దగ్గర ఒక పల్లెలో నేను బడిపంతులుగా ఉన్న రోజులవి. రాజమండ్రిలో మెట్రిక్యులేషన్ దాకా చదివినవాణ్ణి కాబట్టి ఊళ్ళో ఇంగ్లీషు అక్షరం ఎక్కడ కనబడ్డా నన్నే పిలిచేవారు. ఒక వేసవిలో ఊరి పెద్ద ఆసామి కబురంపారు. కాలువల ఇంజనీరు దొరకు బదిలీ అయిందట. మా ఊరి చిట్టచివరి పొలాలకు కూడా నీరు అందేలా కాలువ సరిచేయించింది ఆ దొరే.

"దొరగారికి మన మామిడితోటలో విందు చేద్దామనుకుంటున్నానండి పంతులుగారూ. షాంపేన్ లేనిదే దొరలకి అది విందే కాదంటున్నారు. మీరు కాకినాడ వెళ్ళి మంచిది చూసి తేవాలి" అన్నారాయన.

"దాని గురించి నాకేం తెలుసండీ?"

"సీసా మీద ఇంగ్లీషుంటుంది కదండీ! చదివి తెచ్చెయ్యండి."

మా ఇంట్లో మద్యం మాట ఎత్తితేనే మా అమ్మ నోరు పుక్కిలించమనేది. అయినా ఆసామి మాట కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే, కాదనాలని అనిపించనూ లేదు. షాంపేన్ నురుగులు కక్కుతుందని విన్నాను; ఆ నురుగును సీసాలో పెట్టి ఎలా మూస్తారో చూడాలని నాకు మహా కోరికగా ఉంది.

పడవ మీద కాకినాడ చేరి ఓడల్లో వచ్చే సీమ సరుకుల అంగడికి వెళ్ళాను. అంగడివాడు రెండు రకాల సీసాలు నా ముందు పెట్టాడు. రెండూ బరువే. గాజు బాగా మందంగా ఉంది. అడుగు లోపలికి గుంటలా నొక్కుకుపోయి ఉంది. బిరడా ఎగిరిపోకుండా తీగతో కట్టేశారు. ఒకదాని మీద 'రిచ్' అని ఉంది. సరే, ఘనమైనది అనుకున్నాను. రెండోదాని మీద 'డ్రై' అని ఉంది. అక్కడే ఆగిపోయాను. డ్రై అంటే పొడి. సీసా వంచి చూస్తే లోపల ద్రవం నిక్షేపంగా కదులుతోంది. పొడిగా ఉండే ద్రవం ఏమిటి?

అంగడివాణ్ణి అడిగాను. "నేను తాగనండి. ఓడ కప్తాన్లు ఈ డ్రై పట్టుకెళ్తారు, దొరసానులు ఆ రిచ్ పట్టుకెళ్తారు. అంతే తెలుసు" అన్నాడు.

ఎటూ తేలక మూడు అవీ మూడు ఇవీ కొన్నాను. తిరుగు ప్రయాణంలో వాటిని గడ్డిలో పడుకోబెట్టి, పైన తడిగోనె కప్పి, దారి పొడుగునా పక్కనే కూర్చున్నాను.

ఊళ్ళో దిగేసరికి ఆసామిగారి పెరట్లో చేపల బుట్ట దించుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ధవళేశ్వరంలో ఇంజనీర్ల బంగళాలో ఇరవై ఏళ్ళు గ్లాసులు కడిగి, ఇప్పుడు కాలువ గట్టున ఊరూరా చేపలు అమ్ముకుంటోందని వంటింట్లోవాళ్ళు చెప్పారు. నా సందేహం ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ పకపకా నవ్వింది. "పొడి కాదండి బాబూ! తీపి లేనిదని అర్థం. ఆ రిచ్ అన్నది తీపిది. రొయ్యల వేపుడు పెడితే తీపి లేనిది పొయ్యాలి. ఆఖర్ని పరమాన్నం పెట్టినప్పుడు తీపిది తియ్యాలి. రెండూ తెచ్చారుగా, మంచి పని చేశారు."

"నువ్వు రుచి చూశావా ఏమిటి?"

"అడుగున మిగిలింది చూడకుండా గ్లాసు ఎవరు కడుగుతారండి?"

ఆవిడ చెప్పినట్టే అన్నీ చేశాం. విందు రోజు పొద్దున్నే సీసాలను చెట్టునీడన తడి ఇసుకలో పాతాం. విందుకు గంట ముందు తొట్టెలో నీళ్ళు పోసి, అవి చల్లబడేందుకు సురేకారం కలిపి, సీసాలు అందులో పెట్టాం. చెయ్యి పెడితే వేళ్ళు జివ్వుమన్నాయి. పాత్రల సంగతి మాత్రం ముందు రోజే వచ్చింది. ఆసామి వెండి గ్లాసులు తీయించారు. ఆవిడ ఒప్పుకోలేదు.

"వెండిలో పోస్తే బుడగలు కనపడవండి. సగం సరదా కళ్ళకేనండి" అని, దొర బంగళాలో వంటవాణ్ణి బతిమాలి పన్నెండు గాజు గ్లాసులు బుట్టలో గడ్డి పెట్టి తెచ్చింది.

విందు సాయంత్రం నాలుగింటికి. సీసా తెరవడం నాకు చేతకాక ఆవిడను పిలిచాను. చేపలమ్మే ఆవిడ దొరల ముందుకు రావడమేమిటని ఇద్దరు పెద్దలు గొణిగారు. "ఆవిడకి తెలుసు, మనకి తెలీదు. రానివ్వండి" అన్నారు ఆసామి. ఆవిడ కొంగు బిగించి వచ్చింది. తీగ విప్పి, బిరడాను గట్టిగా పట్టుకుని, సీసాను మాత్రం మెల్లగా తిప్పింది. 'ఉస్సు'మని చిన్న నిట్టూర్పు వినబడిందంతే.

"పేలుతుందన్నారు కదండీ?" అని ఒక రైతు నిరాశగా అడిగాడు.

"పేలిస్తే సగం నేలపాలండి" అంది ఆవిడ. గ్లాసు వంచి కొంచెం పోసి, నురుగు దిగాక మళ్ళీ పోసింది. దొరసాని గ్లాసు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి దొర చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వేశారు. తమ గ్లాసులు తామే గుర్తుపట్టారన్నమాట! ఆసామి ముఖం ఎర్రబడింది గానీ, దొర లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ తర్వాత మరో వింత జరిగింది. కప్తాన్లు తాగే తీపి లేని రకం దొరసాని ఇష్టంగా తాగింది. దొర మాత్రం రెండు గుక్కలు తాగి, తీపిది ఉందా అని నన్ను మెల్లగా అడిగాడు.

నా కళ్ళు మాత్రం గ్లాసు మీదే ఉన్నాయి. అడుగున ఒకే చోటు నుంచి బుడగలు దారంలా పైకి వస్తున్నాయి. మూసి ఉన్నప్పుడు ఒక్క బుడగా లేదే, ఇప్పుడివి ఎక్కడివి అని దొరనే అడిగాను. ద్రాక్షసారా సీసాలో మళ్ళీ ఒకసారి పులుస్తుందనీ, అప్పుడు పుట్టే గాలి బయటికి దారి లేక ద్రవంలోనే కలిసి ఉంటుందనీ ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. "మన కల్లుకుండకి మూత బిగించినట్టేనన్నమాట" అన్నాడు ఇందాకటి రైతు. ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే దొర తన పరమాన్నంలోంచి ఒక ఎండుద్రాక్ష ఏరి గ్లాసులో వేశాడు. అది మునిగింది. చుట్టూ బుడగలు అంటుకోగానే తేలింది. పైన బుడగలు చిట్లగానే మళ్ళీ మునిగింది. రైతులంతా కుర్చీలు వదిలి చుట్టూ మూగారు. "ఇదిగో లేస్తోంది, లేస్తోంది!" అని ఆసామి చిన్నపిల్లాడిలా అరిచారు. అది ఎన్నిసార్లు మునిగి తేలిందో దొర కూడా మాతోపాటు లెక్కపెట్టాడు.

పొద్దు వాలకముందే దొరలు బండెక్కారు. కాలువ మెట్ల మీద ఆవిడ గ్లాసులు కడుగుతోంది. ఒకదాంట్లో కొంచెం మిగిలింది. నా వంక చూసి చేతికిచ్చింది. ఇటూ అటూ చూసి ఒక గుక్క వేశాను. పులుపు, చేదు, ముక్కులోకి ఏదో ఎక్కింది.

"ఎలా ఉందండి?"

"నాలిక మీద చీమలు పాకినట్టుంది."

"రెండో గుక్కకి పోతాయండి" అంది.

రెండో గుక్క వేశాను. చీమలు పోలేదు. ఆ మాట చెబితే ఆవిడ నవ్వి, గ్లాసు నా చేతిలోంచి తీసుకుని కాలువలో ముంచింది.