అట్టు, అటు, అట్ట

మా ఇంటి ఆంటీ ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో అట్ల కొట్టు పెట్టాలనుకున్నప్పుడు బోర్డు పని నాకు అప్పగించారు. ఆవిడ ఇంట్లో పై గదిలో అద్దెకుంటాను. కార్ల వైరింగ్ పరీక్షించే ఉద్యోగం నాది కాబట్టి కరెంటు సంగతులన్నీ నాకు తెలుసని ఆవిడ నమ్మకం. వృద్ధుల కేర్ హోమ్‌లో పదకొండేళ్ల ఉద్యోగం మానేసి ఆవిడ పెడుతున్న కొట్టు. శనివారం తెరవాలి. బస్సులో వెళ్లే తెలుగువాళ్లకు ఒక్క మాట కనిపించాలి, ఎర్రగా, తెలుగులో: అట్టు.

ఎల్‌ఈడీనీ నియాన్‌నూ పోలుస్తూ పట్టిక వేశాను. బరువు, ఆయుష్షు, కరెంటు వాడకం వగైరా ఏడు అంశాల్లో ఆరింట ఎల్‌ఈడీ నెగ్గింది. ఆంటీ పట్టికంతా చదివి, గాజు గొట్టాల నియానే కావాలన్నారు.

ఊరి చివర ఒక షెడ్డులో నియాన్ గొట్టాలు వంచే జపాన్ పెద్దాయన ఉన్నారు. ఒసాకాలో పని నేర్చుకున్నవారు. నేను ప్రింట్ తీసుకెళ్లిన అక్షరాలు చూసి, ఏ గీత ముందు రాస్తారని అడిగారు. కంప్యూటర్ అక్షరానికి ముందూ వెనకా ఉండవు. ఆంటీకి వీడియో కాల్ చేశాను. ఆవిడ పళ్లెంలో బియ్యప్పిండి పరిచి వేలితో రాశారు. పెద్దాయన అక్షరాన్ని కాదు, వేలిని చూశారు. మూడుసార్లు రాయించుకున్నారు.

తర్వాత ఆయన పని చేస్తుంటే నోట్సు రాసుకున్నాను. ఒకటి, గొట్టాన్ని మంట మీద తిప్పుతూ మెత్తబరచడం. రెండు, వంపు దగ్గర నొక్కుకుపోకుండా, నోట్లో పెట్టుకున్న రబ్బరు గొట్టంతో గాలి ఊదడం. మూడు, అక్షరాన్ని బోర్లా, అద్దంలో కనిపించినట్టు వంచడం. నాలుగో అంశం ఖాళీగా ఉండిపోయింది. ఎక్కడ ఆపాలో ఆయనకెలా తెలుస్తుందో నాకు అంతుపట్టలేదు. ఆయన స్కేలు ముట్టుకోలేదు. చల్లారాక గొట్టాన్ని కాగితం మీద తిరగేసి పెడితే గీత మీద గీత కూర్చుంది.

ట కింద ఒత్తు దగ్గర పేచీ వచ్చింది. మాటంతా ఒకే గొట్టంలో చేసి, కనపడకూడని చోట నల్ల రంగు పూద్దామన్నారాయన. ఒత్తుకు వేరే గొట్టం, వేరే ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలన్నాను. ఒకటి పాడైనా రెండోది వెలుగుతుంది, కార్లలో మేం చేసేది అదే.

"సగం వెలిగిన అక్షరం ఇంకో అక్షరమైపోతుంది," అన్నారు. "అంతకంటే చీకటి నయం."

నేను వినలేదు. కస్టమర్ తరపున వచ్చింది నేను కాబట్టి నా మాటే నెగ్గింది.

చలికాలం కావడంతో గురువారం నాలుగింటికే చీకటి పడింది. కొట్టు ముందు నిలబడి స్విచ్ వేశాం. నేను ఎంచిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పనిచేయలేదు. ఒత్తు తప్ప అన్నీ వెలిగాయి. బోర్డు మీద "అటు" అని ఉంది. అప్పుడే బస్సు దిగిన ఒక తెలుగు నర్సు దాన్ని చదివి, నిజంగానే అటు చూసింది. అటువైపు ఉన్నది చికెన్ టేక్‌అవే.

"ఏం బాబూ, నేను ఉద్యోగం మానేసింది జనాన్ని కోడి కొట్టుకి తోలడానికా?" అన్నారు ఆంటీ. నవ్వుతున్నారనుకున్నాను. చూస్తే ఏప్రన్ విప్పి మడత పెట్టేస్తున్నారు.

పెద్దాయనకు ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను. ఆయన వచ్చి బోర్డు విప్పుకెళ్లారు. శుక్రవారం సెలవు పెట్టి ఆయన పక్కన నిలబడ్డాను. ఈసారి అ నుంచి ఒత్తు దాకా ఒకే దారి. గొట్టంలో గాలి తీసేసి నియాన్ నింపి కరెంటు ఇవ్వగానే, ఆ వాయువుకు పుట్టుకతో ఉన్న ఎరుపు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారిగా నిండింది. పెద్దాయన నన్ను దెప్పలేదు. ఏ ముక్క ఆరితే ఏ మాట అవుతుందో మాత్రం రాసిమ్మన్నారు. ఒత్తు ఆరితే అటు, కొమ్ము ఆరితే అట్ట అని రాశాను. అట్ట అంటే ఏమిటన్నారు. డబ్బాలు చేసేదని చెప్పాను. కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. ఆయన గోడ మీద జపాన్ అక్షరాలతో అలాంటి కాగితాలు చాలా ఉన్నాయి. నాదీ వాటి పక్కన అంటించారు.

శనివారం అట్టు వెలిగింది. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆంటీ నా ఆఫీసుకు ఫోన్ చేశారు. గొంతులో కంగారేం లేదు.

"బోర్డు మొత్తం ఆరిపోయింది బాబూ. పర్లేదులే, ఎవర్నీ ఎటూ పొమ్మనట్లేదు. పనయ్యాక వచ్చి చూడు."